డ్రిల్ పీరియడ్ పోతే పోయేది ఆట ఒక్కటేనా?

క్లుప్తంగా: బడి పిల్లల ఆరోగ్యం ఒక శాఖ చూస్తుంది, భోజనం వంట ఏజెన్సీ చూస్తుంది, ఆటలు పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయులు) చూస్తారు. పిల్లల ఒళ్లు మాత్రం ఒక్కటే. నల్లగొండ, పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) ప్రాంతంలో రక్తహీనత, ఫ్లోరైడ్ నీళ్లు, వలస, సీడ్ పత్తి (విత్తనాల కోసం పెంచే పత్తి) పనులు కలిసి చదువును ఎలా దెబ్బతీస్తున్నాయి, వాటిని అందరికంటే ముందు పట్టుకోగలిగిన చోటు డ్రిల్ పీరియడే ఎందుకు అవుతుంది అన్నది ఈ వ్యాసం.

టైంటేబుల్‌లో ఉంది, గ్రౌండ్‌లో లేదు

జూన్‌లో బళ్లు తెరవగానే హైస్కూల్ స్టాఫ్ రూమ్ గోడకు టైంటేబుల్ అంటిస్తారు. ప్రతి సెక్షన్‌కూ అందులో గేమ్స్ పీరియడ్, అంటే డ్రిల్ పీరియడ్, ఉంటుంది. దసరా సెలవులు దాటేసరికి పదో తరగతి గడిలో గేమ్స్ అన్న మాట అట్లాగే ఉంటుంది, క్లాసులో లెక్కల సార్ ఉంటారు. సిలబస్ కాలేదు, స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి, మార్చిలో పరీక్షలు. కొన్నాళ్లకు తొమ్మిదో తరగతికీ అదే అలవాటు పాకుతుంది. చాలా బళ్లలో జరిగేది ఇదే. పదో తరగతి మెమోలో వ్యాయామ, ఆరోగ్య విద్యకు గ్రేడ్ మాత్రం పడుతుంది.

ఇందులో సార్ల తప్పు వెతకడం సులువే, కానీ అసలు కారణం లెక్కలోనే ఉంది. బడిని, హెడ్మాస్టర్‌ను, జిల్లాను కొలిచే అంకె పదో తరగతి పాస్ శాతం. పిల్లలు ఎంత దూరం ఆయాసం లేకుండా పరుగెత్తగలరో ఎవరూ అడగరు. అడగని దానికి టైం ఎవరిస్తారు?

చట్టం ఏమంటుందో చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు 100 మందికి మించితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకులు ఉండాలి. ఒకటి నుంచి ఐదు వరకు అలాంటి మాట లేదు. ప్రాథమిక బళ్లకు సాధారణంగా పీఈటీ పోస్టే ఉండదు. అంటే పదేళ్లు వచ్చేదాకా ఊరి పిల్లలకు వ్యాయామం నేర్పే మనిషి ఎదురుకారు. పరుగు, గెంతు, బ్యాలెన్స్, బంతి పట్టడం లాంటివి ఒంటికి బాగా అలవడే వయసు సరిగ్గా అదే.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని, వారంలో కనీసం మూడు రోజులు ఎముకలకు, కండరాలకు బలమిచ్చే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు పూర్తిగా జరిగినా వచ్చేది గంటన్నర. మిగతాది ఒకప్పుడు వాడకట్టులో, చేన్ల గట్ల మీద, బాయి ఈతల్లో నిండేది. ఇప్పుడు ఆ టైంలో చాలావరకు ఫోన్ చేతిలో ఉంటోంది.

జరిగే ఆటల్లోనూ ఒక చిక్కుంది. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) టోర్నమెంట్ల సీజన్‌లో పీఈటీ దృష్టంతా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ టీముల మీదే ఉంటుంది. గెలిచిన కప్పు హెడ్మాస్టర్ గదిలో కనబడుతుంది కాబట్టి అది సహజం. టీములో ఉన్న పది, పన్నెండు మంది చెమట పట్టేలా ఆడతారు. మిగతా పిల్లలు చెట్టు కింద కూర్చుని చప్పట్లు కొడతారు. ఆడపిల్లలైతే ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండ్ అంచుకు జరిగిపోతారు. నెలసరి రోజుల్లో మార్చుకోవడానికి తలుపు సరిగా పడే, నీళ్లు వచ్చే బాత్రూమ్ లేని చోట వాళ్లను రమ్మని ఎంత పిలిచినా రారు.

రక్తం తక్కువైతే క్లాసులో ఏం జరుగుతుంది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. నాలుగో విడతలో ఇది 60.7 శాతం. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో 64.7 శాతం. ఒకటి బడికి రాకముందు వయసు, రెండోది బడి దాటుతున్న వయసు. మధ్యలో ఉన్న పదేళ్లూ పిల్లలు బడిలోనే ఉంటారు.

ఈ అంకెలను యథాతథంగా తీసుకోవడంలో ఒక జాగ్రత్త అవసరం. ఈ సర్వేలో వేలి కొనను గుచ్చి తీసిన రక్తం చుక్కతో కొలుస్తారు. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి తీసిన రక్తాన్ని పరీక్షించారు. అందులో దేశం మొత్తం మీద ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 24 శాతం, పది నుంచి పంతొమ్మిదేళ్ల వారిలో 28 శాతం వచ్చింది. కౌమారంలో ఆడపిల్లలు 40 శాతం, మగపిల్లలు 18 శాతం. పద్ధతి, వయసు, ప్రాంతం మారితే అంకె మారుతుంది. తక్కువ అంకెనే నమ్మినా, 40 మంది ఆడపిల్లలున్న క్లాసులో 16 మంది.

ఇది చదువులోకి ఎట్లా వస్తుంది? ఎర్ర రక్తకణాల్లోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తుంది, దానికి ఐరన్ కావాలి. ఐరన్ తగ్గితే గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు చేరవేసే రసాయనాల తయారీకీ ఐరన్ కావాలి. అందుకే రక్తం మరీ పడిపోకముందే, ఒంట్లో ఐరన్ నిల్వలు తగ్గుతున్నప్పుడే ధ్యాస నిలవకపోవడం, చిరాకు మొదలవుతాయి. బయటికి కనబడేది మాత్రం మధ్యాహ్నం రెండో పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చిన అమ్మాయి. ఆమె పేరు పక్కన పడే ముద్ర “చదువు మీద శ్రద్ధ లేదు”. గ్రౌండ్‌లోనైతే “బద్ధకం”.

ఇక్కడే వలయం మొదలవుతుంది. ఆయాసం వస్తుంది కాబట్టి ఆడరు, ఆడరు కాబట్టి కండ పెరగదు, ఆకలి సరిగా కాదు, తిండి తగ్గుతుంది.

రూ. 271తో 40 మందికి

పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన పథకం) కింద ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. దాంతో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం, 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. తెలంగాణలో తొమ్మిది, పది తరగతుల వారికీ భోజనం ఉంది. బియ్యం విడిగా వస్తాయి. 2025 మే 1 నుంచి వచ్చిన రేటు ప్రకారం మిగతా సరుకులకు ప్రాథమిక తరగతుల్లో తలకు రూ. 6.78, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో రూ. 10.17.

40 మంది ఉన్న ఊరి బడికి దీన్ని లెక్క వేస్తే రోజుకు రూ. 271.20. అందులో 800 గ్రాముల పప్పు, రెండు కిలోల కూరగాయలు, 200 గ్రాముల నూనె, ఉప్పు, కారం, చింతపండు, కట్టెలు లేదా గ్యాస్ రావాలి. టమాట ధర పెరిగిన నెలలో సాంబారు పలుచబడుతుంది. గుడ్డుకు ఇచ్చే డబ్బు వేరే, కానీ బజారు రేటు దాన్ని దాటిన వారాల్లో మూడు గుడ్లు రెండవుతాయి, రెండు ఒకటవుతుంది. బిల్లులు ఆలస్యమైతే వంట చేసే అక్కలు కిరాణా షాపులో ఉద్దెర పెడతారు. ఉద్దెర పెరిగితే షాపాయన ఇచ్చే సరుకు నాణ్యత తగ్గుతుంది. పిల్లల పళ్లెంలో పప్పు చిక్కదనానికి, ట్రెజరీలో ఆగిన బిల్లుకు సంబంధం ఇంత దగ్గరగా ఉంటుంది. వంట ఏజెన్సీల సమస్యను జీతాల గొడవగా మాత్రమే చూడటం పొరపాటు, అది నేరుగా పిల్లల ప్రొటీన్ సమస్య.

పొద్దటి తిండి మరో సంగతి. పత్తి ఏరే రోజుల్లో తల్లి తెల్లారకముందే చేనుకు పోతుంది. పిల్ల చాయ్, రెండు బిస్కెట్లతో బడికి వస్తుంది. ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడేది ఎక్కువగా ఇట్లాంటి పిల్లలే. పాలమూరు ఇళ్లలో ఒకప్పుడు తైదంబలి (రాగి అంబలి), జొన్న రొట్టె, పుంటికూర మామూలు తిండి. రేషన్ బియ్యంతో అన్నం సులువైంది, ఆకలి తీరింది, అదే సమయంలో తైదలు, జొన్నలు, సజ్జలతో వచ్చే ఐరన్, కాల్షియం తగ్గాయి. బళ్లలో రాగి జావ ఇచ్చినచోట అది అందుకే ముఖ్యమవుతుంది. కొత్త తిండి కాదు, ఇంటి తిండే తిరిగి రావడం.

నీలం మాత్ర, ‘ప్లాస్టిక్’ బియ్యం

తల్లిదండ్రుల్లో ఎక్కువ అయోమయం ఈ రెండింటి మీదే.

బళ్లకు పంపుతూ వచ్చిన ఫోర్టిఫైడ్ (పోషకాలు కలిపిన) బియ్యంలో ప్రతి కిలోకు పది గ్రాముల చొప్పున తయారుచేసిన గింజలు కలుపుతారు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్లీ గింజ ఆకారంలోకి తెస్తారు. రంగు కొద్దిగా తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని తేలుతాయి. తేలిన గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారబోస్తే పోయేది కలిపిన ఐరనే. గంజి వార్చినా బీ విటమిన్లు కొంత పోతాయి.

అట్లాగని ఈ బియ్యంతోనే అంతా అయిపోతుందనీ కాదు. ప్రమాణం ప్రకారం కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. 150 గ్రాములు తింటే వచ్చేది సుమారు 4 నుంచి 6 మిల్లీగ్రాములు. పదమూడేళ్ల ఆడపిల్లకు రోజుకు 30 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక చెబుతుంది. అంటే అవసరంలో ఎక్కువలో ఎక్కువ ఐదో వంతు, అదీ బడి ఉన్న రోజుల్లోనే.

ఆ లోటు పూడ్చడానికే వారానికో మాత్ర. పదేళ్లలోపు వారికి గులాబీ రంగుది, 45 మిల్లీగ్రాముల ఐరన్. పదేళ్లు దాటితే నీలం రంగుది, 60 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, కడుపునొప్పి వస్తాయి. ఒకరికి వాంతి అయితే పక్కనున్న పదిమందికి టెన్షన్ పట్టుకుంటుంది, సాయంత్రానికి ఊళ్లో మాట పాకుతుంది, మరుసటి వారం మాత్ర కిటికీలోంచి బయటపడుతుంది. చేయవలసింది చిన్న పనే: భోజనం అయ్యాక మాత్ర ఇవ్వడం, కాసేపు చాయ్ తాగొద్దని చెప్పడం. చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనీయవు, నిమ్మరసం, జామకాయ బాగా పట్టేలా చేస్తాయి. మలం నల్లగా రావడం మాత్ర వల్లే, భయపడక్కర్లేదు. సికిల్ సెల్, తలసేమియా ఉన్న పిల్లలకు మాత్రం డాక్టర్ చెప్పాకే ఇవ్వాలి.

నులిపురుగుల మాత్ర (ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల చుట్టూ) విషయమూ ఇంతే. పేగుల్లో కొంకి పురుగులు రక్తం పీలుస్తుంటే ఎంత ఐరన్ ఇచ్చినా చిల్లికుండలో నీళ్లే.

నల్లగొండ నీళ్లు, మూడు కదలికలు

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి అంటే రాష్ట్రమంతా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మేలు, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చని దేశ ప్రమాణం. ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, ప్రపంచవ్యాప్తంగా దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’ అయింది. పేరు నిలిచింది, రోజూ పాళ్లు కొలిచి కలపడం, అడుగున చేరిన మడ్డి తీయడం ఊళ్లలో నిలవలేదు. అసలు మార్పు కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక, 2016లో మొదలైన మిషన్ భగీరథ తర్వాత కనిపించింది.

ఇక్కడ అర్థం చేసుకోవలసింది వయసు. శాశ్వత దంతాల పై పొర ఎనిమిదేళ్లలోపు తయారవుతుంది. ఆ లోపు తాగిన నీళ్ల గుర్తు పన్ను మీద ఉండిపోతుంది. కాబట్టి తొమ్మిదో తరగతి పిల్లల పళ్లపై మచ్చలుంటే అవి ఇవాళ్టి నీళ్ల గురించి ఏమీ చెప్పవు. ఇప్పుడు రెండో, మూడో తరగతి పిల్లలకు వస్తున్న కొత్త పళ్లే అసలు సాక్ష్యం. వాటిపై మచ్చలు కనబడితే ఆ ఇంట్లో బోరు నీళ్లు ఇంకా నడుస్తున్నట్టు అనుమానించాలి. చేను కాడ, బోరు మోటారు దగ్గర తాగే నీళ్లూ లెక్కలోకి వస్తాయి.

తిండికీ దీనికీ ముడి ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లలు, యువకుల గురించి 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు. కాల్షియం తక్కువ తినే ఒంటిమీద ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ. పాలు, తైదలు, ఆకుకూరలు ఈ జిల్లాలో మందుతో సమానం.

ఎముకల ఫ్లోరోసిస్‌ను ఊళ్లలో అనుమానించడానికి ఆరోగ్య సిబ్బంది వాడే పరీక్షలు మూడు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లు తాకాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి తల వెనక తాకాలి. వీటికి మిషన్ అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు. చదువుతుంటే ఎక్కడో చూసినట్టు అనిపిస్తే అది నిజమే. సావధాన్, విశ్రామ్ తర్వాత డ్రిల్‌లో చేయించే మొదటి కదలికలు దాదాపు ఇవే. రెండో వరుసలో ఒక పిల్లవాడి చేయి ప్రతిసారీ మోకాలి దగ్గరే ఆగిపోతుంటే, అది బిగుసుకున్న కండరం కావచ్చు, నడుము నొప్పి కావచ్చు, ఫ్లోరైడ్ కావచ్చు. రోగం తేల్చేది డాక్టరే. కానీ ఆ చేయి ఆగిపోయిందని మొదట చూసేది పీఈటీ. ఆయాసం, కళ్లు తిరగడం, బంతి సరిగా కనబడకపోవడం, వారం వారం సన్నబడటం, ఇవన్నీ బెంచీ మీద కూర్చున్న పిల్లల్లో కనబడవు. కదిలితేనే కనబడతాయి. డ్రిల్ పీరియడ్ తీసేసినప్పుడు పోయేది ఈ చూపు.

చీటీ రాస్తారు, తర్వాత?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద ఇద్దరు డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం ఏడాదికోసారి ప్రభుత్వ బడికి రావాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు చూసి, అవసరమైతే చీటీ రాసి జిల్లా కేంద్రానికి పంపాలి. ఆలోచన చాలా మంచిది. తెగిపోయేది చివరి మెట్టులో.

దేవరకొండ తండా నుంచి నల్లగొండకు, అమ్రాబాద్ పెంట (చెంచుల గూడెం) నుంచి నాగర్‌కర్నూల్‌కు పిల్లను తీసుకుపోవాలంటే తల్లికో తండ్రికో ఒక రోజు కూలి పోతుంది. బస్సు, తిండి ఖర్చు వేరే. ఒక్కసారి పోతే సరిపోదు, రిపోర్టుకు ఇంకోసారి. చీటీ గూట్లో ఉండిపోతుంది. ఆ పిల్ల ఆసుపత్రికి వెళ్లిందో లేదో క్లాస్ టీచర్‌కు తెలిసే దారి ఉండదు.

ఇంకో చిక్కు, బృందం వచ్చిన రోజు పిల్లలు బడిలో లేకపోవడం. కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు కుటుంబాలు ముంబై, పుణె, బెంగళూరు వలస పోతాయి. గద్వాల వైపు సీడ్ పత్తిలో క్రాసింగ్ (పువ్వులకు చేత్తో పుప్పొడి అద్దే) పనులు ఆగస్టు నుంచి మొదలవుతాయి. ఆ నెలల్లో ఖాళీ అయ్యే బెంచీలు అత్యవసరంగా పరీక్ష అవసరమైన పిల్లలవే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55.04 శాతం, ఇప్పటి తెలంగాణ జిల్లాల్లో అప్పటికి అట్టడుగు. ఆ అంకె వెనక ఈ ఖాళీ బెంచీలున్నాయి. ఏడాదికి ఒక్క రోజు పరీక్షతో వీళ్లను పట్టుకోలేం. రోజూ చూసే మనిషి కావాలి.

ఆటకిచ్చిన గంట చదువులోంచి పోతుందా?

తల్లిదండ్రుల పెద్ద భయం ఇది. 2010లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. బడిలో శారీరక శ్రమకు, చదువుకు మధ్య పరిశీలించిన సంబంధాల్లో 50.5 శాతం మేలు వైపు ఉన్నాయి. 48 శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కీడు చూపినవి 1.5 శాతం. ఆడితే మార్కులు వాటంతటవే పెరుగుతాయని దీని అర్థం కాదు. ఆటకు టైం ఇవ్వడం వల్ల మార్కులు తగ్గుతాయన్న భయానికి ఆధారం లేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు. పైగా ఆ అధ్యయనాలు ఎక్కువగా కడుపునిండా తినే దేశాలవి. ఇక్కడ తిండి సరిచేయకుండా పరుగులు మాత్రమే పెంచితే పిల్లలు ఇంకా అలసిపోతారు. రెండూ కలిసి నడవాలి.

పట్టణాల్లోని ప్రైవేటు బళ్లది మరో రకం సమస్య. షాపింగ్ కాంప్లెక్స్ పైఅంతస్తులో నడిచే బడికి గ్రౌండ్ ఉండదు, ఊళ్ల నుంచి బస్సులో పొద్దున్నే బయల్దేరిన పిల్లలు చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. అక్కడ బరువు తగ్గడం కాదు, పెరగడం కనబడుతోంది.

గురుకులంలో కుదిరింది ఊరి బడిలో ఎంతవరకు కుదురుతుంది

ఒకే మండలంలో రెండు రకాల ప్రభుత్వ బళ్లుంటాయి. గురుకులంలో పొద్దున్నే పీటీ ఉంటుంది, పీఈటీ ఉంటారు, నర్సు ఉంటారు, మూడు పూటలా తిండి ఒకే చోట. కస్తూర్బా విద్యాలయాల్లోనూ పీఈటీ, ఏఎన్‌ఎం ఉంటారు. ఎవరి ఒంట్లో బాగాలేదో సాయంత్రానికి తెలిసిపోతుంది. జడ్పీ హైస్కూల్లో పిల్లలు ఇంటికి వెళ్లిపోతారు, నర్సు ఉండరు, పీఈటీ ఒక్కరే. ఆ ఒక్కరికీ క్రమశిక్షణ డ్యూటీ, ఎన్నికల డ్యూటీ అంటగడతారు. కాబట్టి గురుకులాన్ని చూపించి ఊరి బడిని తప్పుపట్టడం న్యాయం కాదు.

వసతుల విషయంలో 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు – మన బడి’ రూ. 7,289 కోట్ల అంచనాతో 26,065 బళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. నీళ్లు, బాత్రూమ్‌లు, వంటగది, ప్రహరీ అందులో ఉన్నాయి. బాత్రూమ్ బాగుపడిన బడిలో ఆడపిల్లలు గ్రౌండ్‌కు రావడానికి ఒక అడ్డు తగ్గుతుంది. మనుషుల కొరత మాత్రం సిమెంటుతో తీరదు.

పోస్టులు భర్తీ అయ్యేలోపు చేయగలిగినవీ ఉన్నాయి. గేమ్స్‌ను మధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున పీరియడ్లలో పెట్టడం వాటిలో మొదటిది. ఫిబ్రవరి దాటితే ఈ జిల్లాల్లో మూడు గంటల ఎండలో గ్రౌండ్ కాలుతుంది, ఆ పీరియడ్ ఉన్నా లేనట్టే. ప్రార్థన తర్వాత బడి మొత్తానికీ పదిహేను నిమిషాల డ్రిల్ పెడితే టీములో లేని పిల్లలూ కదులుతారు. ఆర్‌బీఎస్‌కే చీటీ నకలు బడిలో ఉంటే వెళ్లొచ్చారా అని అడగడానికి ఒక మనిషి ఉంటారు.

ఇక ఆ మూడు కదలికలు, ఎత్తు, బరువు. జూన్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి, ఒక నోట్‌బుక్‌లో రాయడానికి సెక్షన్‌కు పట్టేది ఒకటే పీరియడ్. జూన్‌లో అది దొరుకుతుంది. జనవరిలో పదో తరగతికి దొరకాలంటే, టైంటేబుల్‌లో గేమ్స్ అని రాసి ఉన్న గడిలో ఆ రోజు పీఈటీ సార్ ఉండాలి.